కొలత ఇచ్చిన చెయ్యి

"ఇది నా చెయ్యి కాదు," అన్నారు మామగారు.

భోజనాల బల్ల మీద మూడు కాఫీలూ చల్లారిపోతున్నాయి. ఆయన ఎడమ చేతిలో ఒక చెక్క పిడి ఉంది. దాని చివర ఉక్కు తీగతో చేసిన మెలిక. నలుగురు ఫస్టియర్ పిల్లలు ఆరు శుక్రవారాలు ఒళ్లు దాచుకోకుండా చేసిన పనిముట్టు అది. తీగని కాజాలోంచి దూర్చి, గుండీకి తగిలించి ఒక్క లాగు లాగితే చొక్కా గుండీ పడుతుంది. పడాలి. ఇవాళ మధ్యాహ్నం రెండింటికి కాలేజీలో ప్రిన్సిపాల్ గారి ఎదుట పడి తీరాలి.

"చెయ్యేమిటి మామయ్యగారూ, అది పిడి. కుడిచేత్తో పట్టుకుని చూడండి," అంది కోడలు. కాలేజీలో ఆవిడ డ్రాయింగు మేడమ్. స్కేలు బల్ల మీద తట్టిందంటే అరవైమంది నోళ్లు మూతపడతాయి. ఇంట్లో ఆ పప్పులేమీ ఉడకవు.

"పట్టుకున్నాకే చెబుతున్నాను. చూపుడువేలికి ఇక్కడ గాడి తీశారు. నా వేలు అక్కడిదాకా రాదు. బొటనవేలు ఇటు తిరగాలన్నారు. నా బొటనవేలు ఇటు తిరిగి ఆర్నెల్లయింది."

నలభై రెండేళ్లు టైలరింగు చేసిన మనిషి. కత్తెర పట్టీ పట్టీ కుడిచేతి బొటనవేలి కీలు అరిగిపోయింది. ఊళ్లో సగంమందికి చొక్కాలు కుట్టిన ఆయన తన చొక్కాకి తాను గుండీ పెట్టుకోలేరు. రోజూ పొద్దున కొడుకే వచ్చి పెడతాడు.

ఆయన పిడిని వెలుతురుకి ఎత్తి తిప్పి చూశారు. బట్టల కొట్లో గుడ్డ నాణ్యం చూసినట్టే చూశారు.

"అరచెయ్యి నా దానికన్నా అరంగుళం వెడల్పు. చిటికెన వేలి దగ్గర లావు." అని ఆగి, అద్దం ముందు గడ్డం గీసుకుంటున్న కొడుకు వైపు తిరిగారు. "ఇది వీడి చెయ్యి. పదేళ్ల వయసు నుంచీ వీడి చొక్కాలకి కఫ్‌లు కుట్టింది నేనే. టేపు లేకుండా చెబుతాను."

రేజరు చెంప మీదే ఆగిపోయింది.

ఆమె మొగుడి వైపు చూసింది. బస్సు డిపోలో టైమ్‌కీపరు. డ్రైవరుకీ కండక్టరుకీ పేచీ వస్తే ఇద్దరికీ టీ తాగించి పంపే మనిషి. డిపోలో అతన్ని అందరూ సర్దుబాటు అని పిలుస్తారు. ఆ పేరు మొదట ముద్దుగానే పెట్టారు.

"ఏమండీ, మామయ్యగారేమంటున్నారు?"

"ఏముంది... పిల్లలు కొంచెం అటూ ఇటూ చేసుంటారు."

"మిమ్మల్నే అడుగుతున్నాను. మూడో శుక్రవారం పిల్లలు కొలతలకి ఇంటికొచ్చినప్పుడు నేను లేను. కాలేజీలో మిగతా గ్రూపుల దగ్గరున్నాను. ఆ రోజు సెలవని ఇంట్లో ఉంది మీరు. వాళ్లు కొలిచింది ఎవరి చెయ్యి?"

అతను తువ్వాలుతో సగం చెంప తుడుచుకున్నాడు. రెండో చెంప మీద నురగ అలాగే ఉంది.

"నాన్న గోడవైపు తిరిగి పడుకున్నారు. లేవమంటే పొమ్మనండి అన్నారు. పాపం పిల్లలు, ఎండలో పడి వచ్చారు. వెళ్లిపొమ్మని ఎలా చెప్పను? నాన్న చెయ్యీ నాదీ ఒకటే కదా అని..."

"అని?"

"ఇచ్చాను."

"మరి ప్రశ్నలో? పన్నెండు ప్రశ్నలు రాసి పంపానే. ఎక్కడ నొప్పి, ఎంతసేపు పట్టుకోగలరు, రాత్రి ఎక్కువా పొద్దున ఎక్కువా..."

"అవీ చెప్పాను."

"నొప్పి ఉందా అంటే ఏం చెప్పారు?"

"లేదని," అన్నాడు అతను, నేల చూపులు చూస్తూ.

మామగారు పిడిని బల్ల మీద పెట్టారు. విసిరికొట్టి ఉంటే బాగుండేది అనిపించింది ఆమెకి. చాలా జాగ్రత్తగా, చప్పుడు కాకుండా పెట్టారు.

"తప్పు వాడి ఒక్కడిదే కాదమ్మాయ్," అన్నారు. "పిల్లలు వస్తారు మామయ్యగారూ, మీ చెయ్యి చూస్తారు అని నువ్వు నాకు చెప్పావు. అడగలేదు. చెప్పావు."

ఆమె ఆ రోజు గుర్తు చేసుకుంది. నిజమే. చెప్పులేసుకుంటూ గుమ్మంలోంచి చెప్పింది. ఆయన ఊఁ అన్నారు. ఆ ఊఁ పట్టుకుని ఇన్నాళ్లూ ఊరేగింది.

"ఒక్క మాట చెప్పు. ఈ పనిముట్టు ఎవరికి కావాలని చేయించావు?"

"మీకే మామయ్యగారూ. ఇంకెవరికి?"

ఆయన ఆమె ముఖంలోకి కాసేపు చూశారు. ఇంకేదో అడగబోయి మానుకున్నారు. కొడుకు అలవాటు ప్రకారం ఆయన ఎదురుగా వచ్చి నిలబడి పైగుండీ మీద చెయ్యి వేశాడు.

"వద్దు," అన్నారు ఆయన.

"నాన్నా, డ్యూటీకి టైమవుతోంది..."

"అయితే వెళ్లు."

చొక్కా రెండు అంచులూ ఒంటి చేత్తో దగ్గరికి పట్టుకుని ఆయన తన గదిలోకి వెళ్లిపోయారు. తలుపు వేసుకున్న చప్పుడు కూడా మెత్తగానే వచ్చింది.

*

వంటగదిలో గిన్నెలు కాస్త గట్టిగానే మోగాయి. ఆమె కోపం ఎప్పుడూ గిన్నెల మీదే ముందు దిగుతుంది.

"ఆ రోజు సాయంత్రమైనా నాకు చెప్పొచ్చుగా."

"చెబితే నువ్వు నాన్నని అడిగేదానివి. ఆయన కసురుకునేవారు. నువ్వు చిన్నబుచ్చుకునేదానివి. ఇంట్లో రభస ఎందుకని..."

"ఆ రోజు రభస అయితే ఆ రోజుతో పోయేది. మీరు మూడు వారాలు దాచి, ఇవాళ్టికి వడ్డీతో సహా తెచ్చిపెట్టారు."

అతను గోడకి ఆనుకున్నాడు. చెంప మీద నురగ ఎండి తెల్లగా అతుక్కుంది. ఇంకోరోజైతే ఆమెకి నవ్వొచ్చేది.

"ఇప్పుడేం చేద్దాం?" అన్నాడు. తనే మళ్లీ గొంతు తగ్గించి, "ఒకటి చెప్పనా? ఆ పిడి నా చేతికి సరిగ్గా సరిపోతుంది. నేనొస్తాను కాలేజీకి. బొటనవేలు బిగపట్టుకుని కూర్చుంటాను. చకచకా గుండీలు పెట్టి చూపిస్తాను. మీ ప్రిన్సిపాల్‌కి నా చెయ్యి సంగతేం తెలుసు?"

ఆమె గరిట పక్కన పెట్టింది.

ఎంత సులువు. కర్ర విరగదు, పాము చస్తుంది. రెండింటికి ఈయన వచ్చి కూర్చుంటాడు, రెండున్నరకి చప్పట్లు, సోమవారం నుంచి ఏడాది పొడవునా శుక్రవారం మధ్యాహ్నాలు ఫస్టియర్ పిల్లల వర్క్‌షాప్‌వి. ఆశ పడలేదంటే అబద్ధం. రెండు క్షణాలు ఆశపడింది.

అసలు ఆ షరతు పెట్టుకుంది కూడా తనే. ఫస్టియర్‌కి లెక్కలు గట్టిపడితే చాలు, ఈ కొయ్యబొమ్మలు తర్వాత చేసుకోవచ్చన్నారు ప్రిన్సిపాల్ గారు. ఆరు శుక్రవారాలు ఇవ్వండి సార్ అంది తను. ఎవరి కష్టం చూసి చేశారో ఆ మనిషే వచ్చి, అందరి ముందూ వాడి చూపిస్తారు, అలా ఒక్కటైనా పని చెయ్యకపోతే ఆ గంటలు లెక్కల స్పెషల్ క్లాసుకి ఇచ్చెయ్యండి అని కూడా తనే అంది. ఆయన వెంటనే ఆ మాట కాగితం మీద రాసుకున్నారు. నోరా వీపుకు చేటు అని ఊరికే అన్నారా పెద్దవాళ్లు. పదిహేను గ్రూపుల్లోంచి చూపించడానికి ఒకటే ఎంచుకోమని ఆయన అంటే, కొండంత నమ్మకంతో ఇంట్లోదాన్నే ఎంచుకుంది.

"వద్దండీ," అంది.

"మరీ పంతం. పోతే పోయేది నీ ఆరు వారాల చాకిరీ."

"చాకిరీ పోతే పోయింది. నిరుడు మొదటి నెలలో ఒక అమ్మాయి వచ్చి, మేడమ్, మేం ఎప్పుడు ఏదైనా చేస్తాం అని అడిగింది. మూడో సంవత్సరంలో అన్నాను. నవ్వుతూనే అన్నాను. ఆ పిల్ల మూడో నెలలో కాలేజీ మానేసింది. మానేసినట్టు నాకు తెలిసింది నాలుగో నెలలో. ఆ బెంచీ చూసినప్పుడల్లా నా మాటే నాకు వినబడుతుంది. ఇప్పుడున్న పిల్లలకి చెయ్యడం నేర్పుతానని తీసుకొచ్చి, దొంగనాటకం నేర్పించనా?"

  కుక్కరు కూత పెట్టింది. ఆమె స్టవ్వు కట్టేసింది.

పిడిని బ్యాగులో వేసుకుని, బ్యాగు భుజానికి తగిలించుకుని ఆమె మామగారి గది తలుపు దగ్గర నిలబడింది. తట్టబోయి మానేసింది.

"మామయ్యగారూ, ఇప్పుడు అడుగుతున్నాను. మీ చెయ్యి పిల్లలకి చూపిస్తారా?"

లోపల మంచం కిర్రుమంది. తర్వాత గొంతు వచ్చింది.

"నీ కాలేజీ కోసమా, నా చొక్కా కోసమా?"

మీ కోసమే అనడం నాలిక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"రెండూ మామయ్యగారూ. ముందు కాలేజీ కోసమే."

తలుపు తెరుచుకోలేదు. ఆమె చెప్పులు వేసుకుంది.

*

వర్క్‌షాప్ గది కాలేజీ వెనక ఉంది. ఒకప్పుడు విరిగిన బెంచీలు పడేసే గది. పిల్లలే ఊడ్చి, బూజులు దులిపి, గోడకి నల్లబోర్డు కొట్టుకున్నారు. బోర్డు మీద మేడమ్ స్వయంగా వేసిన బొమ్మ ఉంది. గుండీ కొక్కెం, మూడు వైపుల నుంచి, కొలతలతో సహా. ముచ్చటైన బొమ్మ. కొలతలే ముచ్చటగా లేవు.

గ్రూపులో నలుగురు. మాట్లాడేదంతా కళ్లజోడు పిల్ల, చేసేదంతా బక్కోడు, మిగతా ఇద్దరూ ఈ ఇద్దరికీ వంత. మేడమ్ ఉన్నదున్నట్టు చెప్పింది. మొగుడి పేరు చెప్పి తప్పించుకోలేదు, మొగుణ్ణి వెనకేసుకురానూ లేదు.

బక్కోడు పిడిని చేతిలోకి తీసుకున్నాడు. ఆ పిడిని గరుకు కాగితంతో రుద్దీ రుద్దీ వాడి వేళ్లు బొబ్బలెక్కాయి.

"పిడి కొంచెం చెక్కేద్దాం మేడమ్. గంటుంది. అరంగుళం తగ్గించేస్తే..."

"అరంగుళమేనని నీకెవరు చెప్పారు?" అంది కళ్లజోడు పిల్ల.

"మరేం చేద్దామంటావ్? చేతులు కట్టుక్కూర్చుందామా?"

"నువ్వు కొలిచావు కదా, ముసలాయన చెయ్యి అలా ఉండదని తెలీదా?"

"నువ్వేగా ప్రశ్నలడిగింది. నొప్పి లేదంటే నీకు అనుమానం రాలేదా? నొప్పే లేకపోతే మనమెందుకు వెళ్లినట్టు?"

 కళ్లజోడు పిల్ల నోట్సు తీసి తిరగేసింది. పన్నెండు ప్రశ్నలకీ ముత్యాల్లాంటి జవాబులు. ప్రతి పేజీ మీదా తేదీ, టైము, ఎర్ర సిరాతో అండర్‌లైను.

"అంకుల్ గారు చాలా మర్యాదగా చెప్పారు మేడమ్. మంచినీళ్లు కూడా ఇచ్చారు. పేజీ నిండింది కదా అని సంతోషపడ్డాను." ఆ పిల్ల పేజీ మీద వేలు పెట్టింది. "జవాబు ఎవరు చెప్పారో రాసుకోవాలని తోచలేదు."

"ఆ ఇంట్లోనే ఉంటూ నాకూ తోచలేదు," అంది మేడమ్. "ఆ నోట్సు రెండుసార్లు దిద్దాను. మీ తప్పుకన్నా నాది పెద్దది. ఆ మాట సార్‌కి నేనే చెబుతాను."

"వద్దు మేడమ్." కళ్లజోడు పిల్ల జోడు తీసి చున్నీ కొంగుతో తుడుచుకుంది. "ఇది మా పనిముట్టు. పని చెయ్యదని మేమే చెబుతాం. నేను చెబుతాను."

"భయం లేదూ?"

"చాలా ఉంది మేడమ్."

*

రెండు కొట్టీ కొట్టకముందే ప్రిన్సిపాల్ గారు వచ్చారు. ఆయన వెనక లెక్కల మాస్టారు కూడా వచ్చారు. పెళ్లికి పిలవకపోయినా ముందు వరసలో కూర్చునే రకం ఆయన. మిగతా గ్రూపుల పిల్లలు గోడ పొడుగునా నిలబడ్డారు.

"ఏరీ, వాడి చూపించే మనిషి?" అన్నారు ప్రిన్సిపాల్ గారు, చేతిలో కాగితం విప్పుతూ.

"మా మామగారు సార్. రాలేదు," అంది మేడమ్.

కళ్లజోడు పిల్ల ముందుకొచ్చింది. పిడిని రెండు చేతులతో బల్ల మీద పెట్టింది.

"సార్, ఇది పని చెయ్యదు. కొలతలు తాతగారివి కావు, వాళ్లబ్బాయివి. జవాబులు కూడా. మేం తాతగారి ముఖం కూడా చూడలేదు సార్. చూడకుండానే చేసేశాం."

 ఎక్కడో వెనక ఒకడికి నవ్వొచ్చి, ఒకరి మోచెయ్యి తగిలి ఆగిపోయింది.

"ఆరు వారాలు," అన్నారు లెక్కల మాస్టారు, ఎవరితోనూ కాకుండా.

"మేడమ్, షరతు మీరు పెట్టిందే," అన్నారు ప్రిన్సిపాల్ గారు. ఆయన దుర్మార్గుడేం కాదు. మాట అంటే మాటే అనే మనిషి, అంతే. "సోమవారం టైంటేబులు..."

"లోపలికి రావచ్చా?" అన్నారు ఎవరో గుమ్మంలోంచి.

మామగారు. వెనక ఆమె మొగుడు, డిపో యూనిఫారంలోనే. మామగారి భుజాల చుట్టూ పెద్ద తువ్వాలు కప్పి ఉంది. దాని కింద చొక్కా గుండీలు ఒక్కటీ పెట్టి లేవు. ఇస్త్రీ నలగని చొక్కా లేకుండా వీధి గుమ్మం దాటి ఎరగని మనిషి, అలాగే రెండు బస్సులు మారి వచ్చారు. 

మొగుడు పక్కకి వచ్చి మెల్లగా అన్నాడు. "నేనేం సర్దిచెప్పలేదు. మీకు నొప్పి ఉంటుందో ఉండదో నాకు తెలీదు నాన్నా, తెలీకుండానే లేదని చెప్పాను అన్నాను. అంతే. లేచి చెప్పులేసుకున్నారు."

మామగారు స్టూలు మీద కూర్చుని పిడిని చేతిలోకి తీసుకున్నారు.

"దీన్ని నునుపు చేసిందెవరు?"

బక్కోడు భయంభయంగా చెయ్యెత్తాడు.

"మంచి పనితనం. అదే తప్పు. మా పనిలో ముందు కచ్చా కుట్టు వేస్తాం. పెద్దపెద్ద వదులు కుట్లు. మనిషికి తొడిగి చూస్తాం, భుజం ఎక్కడ లాగుతోందో గుర్తు పెట్టుకుంటాం, ఒక్క లాగుతో దారం ఊడదీస్తాం. ఊడదీయడానికి మనసు రావాలి కదా, అందుకే అందంగా కుట్టం. నువ్వు మొదటి రోజే పక్కా కుట్టు వేసుకొచ్చావు."

ఆయన చూపు ప్రిన్సిపాల్ గారి భుజం మీద పడింది.

"ఏమనుకోకండి సార్. మీ కుడి భుజం లాగేస్తోంది. ట్రయల్ వేయకుండానే కుట్టించుకున్నారు."

పిల్లలంతా నేల చూసి నవ్వుకున్నారు. ప్రిన్సిపాల్ గారి చెయ్యి తనకి తెలియకుండానే భుజం మీదికి వెళ్లింది.

కళ్లజోడు పిల్ల బల్ల కింద నుంచి మెత్తటి మట్టిముద్ద తీసి ఆయన ముందు పెట్టింది. "తాతగారూ, దీన్ని పట్టుకుంటారా? మీకెలా వస్తే అలా."

ఆయన కుడిచెయ్యి తువ్వాలు కిందే ఉంది. అరవైమంది ఎదుట, ఆరు నెలలుగా ఇంట్లోవాళ్లకే సరిగ్గా చూపించని చెయ్యి.  ఆయన చెయ్యి బయటికి తీశారు. బొటనవేలి మొదట్లో కీలు ఉసిరికాయంత ఉబ్బి ఉంది. మట్టి చుట్టూ వేళ్లు మూశారు, పెదవి కొరుక్కున్నారు, వదిలారు.

కళ్లజోడు పిల్ల ముద్దని తిప్పి చూసింది. "నాలుగు వేళ్లే పడ్డాయి తాతగారూ. బొటనవేలి గుర్తు లేదు."

"పడదమ్మా. దాంతో నొక్కితే మోచేతిదాకా సలుపు."

మొగుడు ముఖం పక్కకి తిప్పుకోవడం ఆమె చూసింది.

"రాసుకోండి," అంది ఆ పిల్ల తన గ్రూపుతో, మళ్లీ తనే పెన్ను తీసి. "తాతగారూ, గుండీ పెట్టుకోబోయినప్పుడు ముందు ఏ వేలు..."

"గుండీ ఎందుకమ్మా?"

పెన్ను ఆగింది.

"గుండీలు వీడు పెడతాడు," అన్నారు మామగారు, కొడుకు వైపు చూడకుండా. "రోజూ డ్యూటీకి వెళ్లబోతూ నా ఎదురుగా నిలబడి ఆరు గుండీలు పెడతాడు. రెండు నిమిషాలు పడుతుంది. వచ్చేసరికి నేను పడుకుంటాను. రోజు మొత్తం మీద వీడు నాకు దొరికేది ఆ రెండు నిమిషాలే. అది వీడికి బరువైపోయిందనీ, తప్పించుకోవడానికి కోడలి చేత ఈ పనిముట్టు చేయించాడనీ అనుకున్నాను. అందుకే ఆ రోజు గోడవైపు తిరిగి పడుకున్నాను."

"నాన్నా," అన్నాడు కొడుకు.  ఎవరి మధ్యనైనా మాట కలపగలిగిన మనిషికి తన మాటే కరువైంది.

"ఒరేయ్, ఇలా రా. గుండీలు పెట్టు. ఇంతమంది ముందు ఇలా కూర్చోవడం నాకేం బాగాలేదు."

అతను వచ్చి తండ్రి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. తువ్వాలు తీసి, కింది గుండీ నుంచి మొదలుపెట్టాడు. ఎప్పుడూ రెండు నిమిషాలు పట్టే పని ఇవాళ చాలాసేపు పట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు.

 మేడమ్ కొలత ఒక్కటే తప్పనుకుంది. పనే తప్పు. ఒక ఇంట్లో ఉంటూ, ఒక బల్ల దగ్గర తింటూ, ఆయనకి ఏం కావాలో ఒక్కనాడూ అడగలేదు. కావలసింది తనే తేల్చేసి, దానికి పన్నెండు ప్రశ్నలు రాసింది.

కళ్లజోడు పిల్ల స్టూలు దగ్గరికి జరిగింది. "మరి మీకేం కావాలి తాతగారూ?"

 పెద్దవాడు చిన్న కోరిక కోరడానికి సిగ్గుపడ్డట్టు అటూ ఇటూ చూశారు.

"కత్తెర," అన్నారు. "ఒక్క గీత. సుద్దతో గీసిన గీత మీద గుడ్డ కత్తిరించాలి. ఆర్నెల్లయింది."

లెక్కల మాస్టారు గొంతు సవరించుకున్నారు. ప్రిన్సిపాల్ గారు గడియారం చూసుకున్నారు.

"రెండూ నలభై," అన్నారు. "మేడమ్, ఆయన మాటలు విన్నాను. నాకూ తండ్రి ఉన్నారు. కానీ ఇవాళ జాలి పడి గంటలు ఇచ్చేస్తే రేపు ప్రతి డిపార్ట్‌మెంటూ ఒక కథతో వస్తుంది. ఐదింటికి టైంటేబులు టైపుకి వెళ్లిపోతుంది. మాట మార్చమని అడగకండి."

"అడగను సార్," అంది ఆమె.

బోర్డు దగ్గరికి నడిచింది. మూడు రోజులు కూర్చుని వేసిన బొమ్మ. మూడు వైపుల నుంచి, ఒక్క గీత చెదరకుండా. డస్టరు తీసుకుని ఈ చివర నుంచి ఆ చివరికి తుడిచేసింది. సుద్దపొడి జుట్టు మీద పడింది. కత్తెరకి కచ్చా పిడి చేద్దామని బక్కోడు అప్పటికే తన బొబ్బల చేత్తో ఆ నున్నటి పిడిని రంపం కింద పెట్టాడు. కళ్లజోడు పిల్ల కత్తెర కోసం పరుగెత్తింది. గోడ పొడుగునా నిలబడ్డ పద్నాలుగు గ్రూపుల వాళ్లూ ఎవరూ పిలవకుండానే బల్ల చుట్టూ చేరారు. ఆమె ప్రిన్సిపాల్ గారి వైపు తిరిగింది.

"ఐదింటికి రండి సార్."